సున్నా ఎవరి నెత్తురు

పట్టీ వెలగలేదు.

ఫ్యాక్టరీ డాక్టరు సన్యాసమ్మ మణికట్టు మీద పట్టీ అతికించాడు. పైన నల్లగుడ్డ కప్పి, తల లోపలికి పెట్టి చూశాడు. బయటికి తీశాడు.

"ఏమీ లేదు. నార్మల్."

"నార్మలంటే ఏటి బాబూ?"

"నీకే జబ్బూ లేదని. పక్కకి జరుగమ్మా, తరవాతివాళ్ళు రావాలి."

ఏ జబ్బూ లేని ఆ మనిషి కుర్చీలోంచి లేవడానికి చెల్లెలి భుజం పట్టుకోవలసి వచ్చింది. సన్యాసమ్మకి నలభై నిండలేదు. నడక మాత్రం మడమ నేలకి ఆనకుండా, కోడి నడిచినట్టుంటుంది. వెనక్కి ఒక్క అడుగు వేస్తే పడిపోతుంది. టీ గ్లాసు చేతికిస్తే సగం టీ చీర తాగుతుంది. అన్నిటికంటే ఘోరం ఆమె మొహం. నవ్వొచ్చినా నవ్వదు, ఏడుపొచ్చినా ఏడవదు. ఎవరో పైన మైనం పోసి ఆరబెట్టినట్టు ఉండిపోతుంది.

ఇనుముతో మాంగనీసు కలిపి కరిగించే ఈదులవలస ఫెర్రో అల్లాయిస్ ఫ్యాక్టరీ గేటు ముందు వేసిన టెంటు అది. గోడకి అవతల స్లాగు యార్డు. కొలిమిలోంచి పోసిన చెత్త చల్లారి రాయిలా గడ్డకడితే దాన్ని స్లాగు అంటారు. ఆ రాయిని సుత్తులతో పగలగొట్టి లోపల ఇరుక్కున్న లోహం ముక్కలు ఏరడం ఆడవాళ్ళ పని. మగవాళ్ళకి కొలిమి, ఆడవాళ్ళకి చెత్త. టక్, టక్, టక్ మని పొద్దున్నుంచి చీకటిపడేదాకా ఆ చప్పుడు ఆగదు. అక్కడ పుట్టినవాళ్ళకి అది చప్పుడే కాదు. గాలి ఉన్నట్టు అదీ ఉంటుంది.

సన్యాసమ్మ వెనక నిలబడ్డ ఎర్నమ్మ పట్టీ వెలగలేదు. ఆ వెనకామెదీ వెలగలేదు. యార్డులో పనిచేసే ఒక్క మనిషి చేతిమీద కూడా మిణుక్కుమనలేదు.

"ఏవే గౌరీ," అంది ఎర్నమ్మ గట్టిగా, నలుగురికీ వినపడేలా. "నీ మిణుగురు సచ్చిపోనాదేటే?"

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వగలిగినవాళ్ళు.

సన్యాసమ్మ చెల్లెలు గౌరీశ్వరి అక్క చేతిమీద పట్టీని ఇంకోసారి నొక్కి చూసింది. ఆ పట్టీ ఆమె తయారుచేసింది. ఊళ్ళో అందరూ దాన్ని మిణుగురు పట్టీ అంటారు. ఒంట్లో లోహం మామూలుకంటే ఎక్కువుంటే వెలుగుతుంది. సీసానికి పచ్చగా, రాగికి ఎర్రగా, యార్డు దుమ్ములో ఉండి నరాలని తినేసే మాంగనీసుకి ఊదారంగులో. సూది అక్కర్లేదు, మిషనక్కర్లేదు, కోట్లు పోసి కట్టిన ఆసుపత్రి అక్కర్లేదు. నల్లగుడ్డ ఒకటుంటే చాలు. అది చూపించే యూనియను వాళ్ళు ఫ్యాక్టరీ మెడ వంచి ఒప్పందం రాయించుకున్నారు. పట్టీ వెలిగినవాళ్ళకి పట్నంలో వైద్యం, తిరిగొచ్చాక దుమ్ములేని పని. వెలగనివాళ్ళకి వచ్చే సోమవారం నుంచి మళ్ళీ యార్డు. చేసిన పిల్ల మన కూలీల లైన్లలో పుట్టిందే కదా, మనకి అన్యాయం చేస్తుందా అని సంతకం పెట్టారు.

ఫ్యాక్టరీ మేనేజరు ఆ మధ్యాహ్నం టెంటులో అందరికీ లడ్డూలు పంచాడు.

"నాకేటీ నేకపోతే ఈ సెయ్యి నా మాట ఎందుకు ఇనదే?" అంది సన్యాసమ్మ ఇంటికి నడుస్తూ.

"నరాల బలహీనతయి ఉంటాదప్పా. పట్నం తీసికెల్లి సూపిస్తాను."

"పట్టీ అబద్దం ఆడదా?"

"ఆడదు."

అప్పకి, అంటే అక్కకి, అలా ఖాయంగా చెప్పింది గౌరి. సన్యాసమ్మ ఇంక రెట్టించలేదు. చెల్లెలికంటే తన చేతికి ఎక్కువ తెలుసు అనుకునే మనిషి కాదు. గౌరి పసిపిల్లగా ఉండగానే అమ్మా నాన్నా పోతే యార్డులో సుత్తి పట్టుకుంది, ఆ పిల్లని ఏడో తరగతిలోనే తీసుకెళ్ళి విశాఖపట్నం హాస్టల్లో పడేసింది. సెలవులకి వచ్చినా రెండ్రోజులుంటే మూడోరోజు బస్సెక్కించేసేది. "ఈ దూళి నీ ఒంటికి తగలకూడదే" అనేది. జీవితంలో తను గెలిచింది ఏదైనా ఉందంటే అదొక్కటే అని ఆమె లెక్క.

*

గౌరి పనిచేసే ల్యాబు యూనివర్సిటీలో పాత భవనం వెనకాల ఉంది. వాన పడితే ఒక మూల కారుతుంది. లోహాలమీద పరిశోధన కాబట్టి లోపల ఇనుప వస్తువు ఉండకూడదు. చెంచాలు ప్లాస్టిక్‌వి. సీసాలు ఆసిడ్‌లో నానబెట్టి కడుగుతారు. కొత్తగా చేరినవాళ్ళ చేతికి ఉంగరముంటే తీయిస్తారు. అంత శుద్ధి.

అంత శుద్ధిగా ఉండే చోట ఒక ఆచారం ఉంది. కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజు ఒక గొట్టం రక్తమివ్వాలి. దాన్ని సున్నా రక్తం అంటారు. ఇచ్చాక అందరికీ సమోసాలు. కారణం చాలా సాదాది. ఏది ఎక్కువో చెప్పాలంటే ముందు మామూలు ఏదో తెలియాలి. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని బయటినుంచి పిలిచి రక్తం తీసుకోవాలంటే అనుమతులు కావాలి, అనుమతికి కమిటీ కావాలి, కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో దేవుడికి తెలియాలి. అందుకని ల్యాబు వాళ్ళే సున్నా.

పట్టీలో ఉండేది పల్చటి జిగురు. ఆ జిగురులో బతికున్న మనిషి కణాలు. వాటికి మిణుగురు పురుగు వెలిగే గుణాన్ని ఎక్కించింది గౌరి. ఆ కణాలు చర్మాన్ని ఆనుకుని అవతల ఒంట్లో ఎంత లోహముందో పసిగడతాయి, తమకి అలవాటైనదానికంటే ఎక్కువ కనబడితే వెలుగుతాయి. అక్కడే ఉంది కిటుకంతా. తాము పుట్టిన ఒంట్లో ఎంతుందో, వాటికి అదే మామూలు.

మొదట్లో ల్యాబులో అందరి రక్తంతోనూ పెంచారు. మిగతావాళ్ళ కణాలు అప్పటి నాసి జిగురులో వారం తిరక్కుండా చచ్చేవి. గౌరి కణాలు మాత్రం చావలేదు. "మొండి ఘటాలమ్మా నీవి," అనేవాడు ప్రొఫెసర్ విశ్వంభరరావు సంతోషంగా. చివరికి దేశమంతా పోయిన పట్టీలన్నీ ఆ మొండి కణాల పిల్లలే.

ఇంత చేసినవాళ్ళు గౌరి రక్తంలో ఎంత మాంగనీసుందో కొలవలేదా? సీసం కొలిచారు. రాగి కొలిచారు. మాంగనీసు వంతు వచ్చేసరికి కొలిచే పెద్ద మిషనుకి ఆర్గాన్ గ్యాసు అయిపోయింది. సిలిండరు కోసం అడిగారు. అడుగుతూనే ఉన్నారు. అంత ఖరీదైన మిషను దుప్పటి కప్పుకుని పడుకుంది. పట్టీ బ్యాటరీ షెడ్లలో సీసానికి బ్రహ్మాండంగా వెలుగుతోంది కదా, మాంగనీసుకి మాత్రం ఎందుకు వెలగదులే అనుకున్నారు. చదువుకున్నవాళ్ళు "లే" అనుకున్నచోట చదువులేనివాళ్ళు చస్తారు.

*

క్యాంపు అయిన ఆ వారమే యూనివర్సిటీలో కుర్ర పరిశోధకుల సభ జరిగింది. జీవుల ఒంట్లో లోహాలేం చేస్తాయో చదివేవాళ్ళంతా కలుస్తారు. వరి గింజలో ఇనుము గురించి ఒకడు, రొయ్యల చెరువులో రాగి గురించి ఒకత్తె, ఇలా. పెద్దలకి ప్రవేశం లేదు. పెద్దలుంటే ఎవడూ నిజం చెప్పడు. ఆ సభలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరి వస్తువు వాళ్ళు పొగుడుకోకూడదు. తెచ్చిందాన్ని పక్కవాడి చేతికిచ్చి, "ఇది ఎక్కడ తప్పుతుందో పట్టుకో" అనాలి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు మార్పిడి.

గౌరి తన పట్టీలు ఇంతియాజ్ చేతికిచ్చింది. అతను హిందూపురం నుంచి వచ్చాడు. పట్టుపురుగుల్లో జింకు మీద పని. పట్టీ చేసే పద్ధతి కిందటేడు గౌరినే అడిగి తెలుసుకున్నాడు.

"మీరు చెప్పినట్టే చేసినా మేడం," అన్నాడు తన పెట్టె తెరుస్తూ. "సున్నాకి మాత్రం నా రక్తమే. మా ల్యాబులో సూదంటే అందరూ పారిపోతారు. మాంగనీసుకీ సీసానికీ రెండిటికీ తయారుచేసినా. నా మీద ఎన్నిమార్లు పెట్టుకున్నా ఎలగలా. శుద్ధమైన మనిషిని నేను."

"ఆ శుద్ధం ఎంతో నా పట్టీ చెప్తుంది. చెయ్యి చాపు."

గౌరి పట్టీ అతని మణికట్టు మీద అంటించారు. ఎవరో కోటు తీసి పైన కప్పారు. అందరూ తలలు దూర్చారు.

పచ్చగా వెలిగింది. లేత అరిటాకులా.

"సీసం!" అని అరిచింది రొయ్యల పిల్ల. "శుద్ధమైన మనిషంట!"

గది గొల్లుమంది. ఇంతియాజ్ కూడా నవ్వాడు. "మా నాయినది బ్యాటరీల అంగడి. చిన్నప్పుడు నేను ఆడింది ఆడనే. పాత పలకలే నాకు బొమ్మలు." అని, నవ్వు మధ్యలో ఆపేశాడు. తన పట్టీ ఒకటి తీసుకుని కోటు కిందే పక్కన అంటించుకున్నాడు. చాలాసేపు చూశాడు. పక్కపక్కనే రెండు పట్టీలు. ఒకటి పచ్చగా. ఒకటి చీకటి.

"నాది నన్ను ఎందుకు పట్టుకోలా?" అన్నాడు మెల్లగా. ఆ వెంటనే గౌరి వైపు తిరిగాడు. "మేడం. నాది మీరు ఒకసారి పెట్టుకోండి."

"ఎందుకు?"

"మార్పిడి గదా. పెట్టుకోండి."

కోటు గౌరి చేతిమీదికి మారింది. ఈసారి తల దూర్చినవాళ్ళెవరూ నవ్వలేదు. ఊదారంగు. కొత్త బల్బులాగా నిండుగా, కోటు నేతలోంచి బయటికి కనబడేంత ఊదారంగు.

"నీ పట్టీ పాడైంది," అంది గౌరి.

పెట్టెలోంచి ఇంతియాజ్ పట్టీలన్నీ బయటికి తీశారు. వరి అతనికి పెట్టారు, చీకటి. రొయ్యల పిల్లకి పెట్టారు, చీకటి. టీ తెచ్చినాయన్ని బతిమాలి ఆయనకీ పెట్టారు, చీకటి. మళ్ళీ గౌరికి పెట్టారు. వెలిగింది. ఇంకోటి పెట్టారు. వెలిగింది.

గౌరి కళ్ళముందు పాత సంగతులు ఒక్కొక్కటే వరసలోకి వచ్చి నిలబడ్డాయి. గొట్టంలోంచి చుక్క వదిలేటప్పుడు చెయ్యి జారడం, టీ ఎక్కువైందనుకోవడం. ఈమధ్య తన చేతిరాత చిన్నదైపోతోందని ప్రొఫెసరు వేళాకోళం చేయడం. హాస్టలుకి పోకముందు, నడక రాకముందు, యార్డులో రెండు గునపాల మధ్య పాత చీరతో కట్టిన ఉయ్యాల. అందులో పడుకుని విన్న సుత్తులు.

ఆమె కణాలు అబద్ధం ఆడలేదు. పాపం, వాటికి తెలిసిందే చెప్పాయి. సన్యాసమ్మ ఒంట్లో ఉన్నది చూసి, మా ఇంట్లోలాగే ఉందే, దీంట్లో వింతేముంది అనుకున్నాయి. ఊరంతటినీ అలాగే చూసి ఊరుకున్నాయి. ఒక ఊరిని చంపే విషానికి ఆ ఊరి పిల్ల నెత్తుటినే సున్నాగా పెట్టి కొలిచారు.

"పట్టీ అబద్ధమాడదన్నాను," అంది గౌరి ఎవరితోనో తెలియకుండా. "మా అప్పతో."

*

ప్రొఫెసర్ విశ్వంభరరావు మొత్తం విన్నాడు. చెడ్డవాడు కాదు. అలసిపోయినవాడు. ఈ దేశంలో చెడ్డవాళ్ళకంటే అలసిపోయినవాళ్ళ చేతిలో ఎక్కువ పనులు ఆగిపోతాయి.

"ఆర్గాన్ ఇప్పించమని ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో నీకు తెలుసు," అన్నాడు ముందుగా.

"తెలుసు సార్. ఇప్పుడేం చేద్దాం?"

"కొత్త సున్నా చేద్దాం. ఇంతియాజ్‌దీ, ఇంకా పదిమందిదీ కలిపి. ఒకడి లోపం ఇంకొకడు పట్టుకుంటాడు. నిజానికి మొదట్నుంచీ అలాగే చెయ్యాల్సింది. వచ్చే క్యాంపుకి కొత్త పట్టీ పంపుదాం. చప్పుడు చెయ్యకుండా."

"సోమవారం మా అప్ప యార్డుకి పోవాలి సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. "గౌరీ, విను. పట్టీ తప్పని నువ్వు ఇవాళ బయటికి చెప్పావనుకో. ఫ్యాక్టరీవాడు ఏమంటాడు? అసలు పట్టీలే దొంగవంటాడు. బ్యాటరీ షెడ్లలో సీసానికి మందు దొరుకుతున్నవాళ్ళున్నారు, ఈ పట్టీ చూపించే. అక్కడి యజమానులు కూడా అదే పాట ఎత్తుకుంటారు. ఒకచోట నిజం చెప్పి పదిచోట్ల నిజాన్ని చంపుకుంటామా?"

గౌరికి కోపం రావడానికి కారణం ఆయన అన్నది తప్పవడం కాదు. అందులో సగం నిజం ఉండటం.

"సీసానికి పట్టీ మంచిదే అని అదే నోటితో చెప్తాను. మాంగనీసుకి మాత్రం తప్పని చెప్తాను. రెండూ నిజమే కదా సార్."

"రెండు నిజాలు వినే ఓపిక ఎవడికుంది? నీ థీసిస్ మాటేమిటి? పట్టీయే కదా నీ థీసిస్సు."

"పోనీండి."

ఆయన లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వేళ్ళు చాపమన్నాడు. చాపింది. వేళ్ళ చివర్లు గాలిలో సన్నగా అదిరాయి. ఆయన మొహం మారిపోయింది. "ముందు నువ్వు ఆసుపత్రికి పద తల్లీ. ఇవాళే."

"నాకేముంది సార్," అంది గౌరి. "నేను నార్మల్. సున్నాని."

ఆదివారం ఆ ల్యాబులో సమోసాలు లేకుండా రక్తమిచ్చారు. సభకి వచ్చినవాళ్ళు చాలామంది టికెట్లు మార్చుకుని ఉండిపోయారు. కోనసీమ, నల్లగొండ, హిందూపురం, శ్రీకాకుళం. తలొక గొట్టం. ఎవడి ఊరు వాడి ఒంట్లో ఏం దాచిందో ఎవడికీ తెలియదు, అందుకని అందరిదీ కలిపి ఒక సున్నా. విశ్వంభరరావు కూడా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆ కణాలు పెరిగి పట్టీ కావడానికి నెలలు పడుతుంది. కణాలకి సోమవారం వస్తోందని ఎవరు చెప్పాలి?

*

సోమవారం పొద్దున్న గేటు దగ్గర కార్మికశాఖ ఆఫీసరు కామేశ్వరరావు బల్లవేసుకుని కూర్చున్నాడు. ఒప్పందం అమలయిందని రాసుకుపోవడానికి వచ్చాడు. యార్డు ఆడవాళ్ళు సుత్తులు భుజాన వేసుకుని వరసలో ఉన్నారు. ముందు షిఫ్టు వాళ్ళు లోపల అప్పుడే మొదలుపెట్టారు. టక్, టక్, టక్.

గౌరి, ఇంతియాజ్ బస్సు దిగి తిన్నగా బల్ల దగ్గరికి వచ్చారు.

"మీరు వాడిన పట్టీ మాంగనీసు విషయంలో తప్పండీ," అంది గౌరి. "చేసినదాన్ని నేనే. నేనే చెప్తున్నాను. ఇవిగో, ఇతను చేసిన పట్టీలు. అందరికీ పెట్టి చూడండి."

"ఇది ఆమోదం పొందిన పట్టీయేనా?"

"కాదు."

"అయితే నేను చూడకూడదు. చూస్తే రాయాలి. రాస్తే నా ఉద్యోగం పోతుంది."

"చూసిందే రాయడం కదా సార్ మీ ఉద్యోగం?" అన్నాడు ఇంతియాజ్.

"నువ్వెవరు బాబూ? ఏ ఊరు?"

"హిందూపురం."

"ఈ జిల్లా కూడా కాదు," అన్నాడు ఆఫీసరు, పెద్ద సాక్ష్యం దొరికినట్టు.

గౌరి పళ్ళు కొరుక్కుంది. "సరే. కొత్తది చూడొద్దు. పాతది తప్పని నేను ఒప్పుకుంటున్నాను కదా. అదైనా రాయండి."

"రాస్తాను. రాస్తే ఏమవుతుందో తెలుసా? పాత పట్టీ రద్దు. పట్టీ రద్దయితే పరీక్షే జరగనట్టు. పరీక్ష జరక్కపోతే ఒప్పందం వర్తించదు. ఎవరి పని వాళ్ళు చేసుకోవాలి." గేటు వైపు చెయ్యి చూపించాడు. "రద్దవకపోయినా యార్డుకే. రద్దయినా యార్డుకే. నేను చేసేదేముంది చెప్పమ్మా?"

"ఇంతోటి దానికి బస్సు కర్చులెందుకే," అంది ఎర్నమ్మ వరసలోంచి. "పోన్లో సెప్తే సరిపోద్ది గదే."

సన్యాసమ్మ వరసలోంచి బయటికి వచ్చింది. "ఏటే గౌరీ? పట్టీ అబద్దం ఆడదన్నావు గదే?"

గౌరి ఇంతియాజ్ దగ్గర రెండు పట్టీలు తీసుకుంది. ఒకటి అప్ప మణికట్టు మీద అంటించింది. చీరకొంగు లాగి పైన కప్పి, "సూడప్పా" అంది. సన్యాసమ్మ వంగింది. కొంగులో ఊదారంగు.

"సూసినావా? నీ చెయ్యి నీ మాట ఎందుకు ఇనట్లేదో? పిచ్చిదాన్ని, నేనే తప్పు చెప్పాను. నా నెత్తురుతో కొలిచారు మిమ్మల్ని. నీకున్నదే నాకూ ఉంది, అందుకే దానికి తేడా తెలీలేదు."

"నీకుండడం ఏటి?"

ఆ మాట చెప్పకుండా తప్పించుకోవచ్చేమోనని గౌరి విశాఖపట్నం నుంచి బస్సులో వస్తున్నంతసేపూ ఆలోచించింది. తప్పించుకోవడానికి దారి లేదు. రెండో పట్టీ తన మణికట్టు మీద అంటించుకుని అదే కొంగు కిందికి చెయ్యి దూర్చింది.

సన్యాసమ్మ చూసింది. రెండు చేతులూ పక్కపక్కన, ఒకే రంగు.

"నా పట్టీ నీకంటించినావేటి?"

"లేదప్పా. అది నాదే."

"కాదు. నీకెలగుంటాదే? నిన్ను హాస్టల్లో ఏసినాను గదే. సెలవలకి కూడా ఉండనిచ్చినానేటి నిన్ను?"

"అంతకు ముందేనప్పా. ఉయ్యాల్లో ఉన్నప్పుడే."

"ఉయ్యాల," అంది సన్యాసమ్మ. "ఉయ్యాల కట్టింది నానే."

మొహంలో ఏమీ కదలలేదు. కదిలే శక్తి ఆ మొహానికి పోయి చాలాకాలమైంది. మైనం లాంటి ఆ మొహం మీదుగా నీళ్ళు మాత్రం ధారకట్టి దిగాయి, బండమీద వాన జారినట్టు. గౌరి ఆ కళ్ళలోకి చూడలేకపోయింది. తను నిజం చెప్పి అప్ప జీవితంలో గెలిచిన ఒక్కదాన్నీ లాగేసుకుంది.

సన్యాసమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. వణికే చెయ్యి వణికే చేతిని పట్టుకుని బల్ల దగ్గరికి ఈడ్చుకుపోయింది. మెడలో దుమ్ము తువ్వాలు తీసి, ఎవరూ ఊహించకముందే, ఆఫీసరు తలమీద ముసుగు వేసేసింది. వేసి, గౌరి చేతిని ఆ ముసుగులోకి తోసింది.

"ఏయ్! ఏమిటిది!" అన్నాడు లోపల్నుంచి కామేశ్వరరావు.

"సూడు బాబూ. నన్ను సూడకు. నాను యార్డు మనిసిని, సావాల్సిన దాన్నే. దీన్ని సూడు. ఇది సదువుకున్నది. ఇది ఏ రాయీ కొట్నేదు. ఉయ్యాల్లో పడుకున్నాది, అంతే."

తువ్వాలు ముందుకి వంగింది.

"చూశాను," అంది తువ్వాలు.

"రాయి మరి."

ఆఫీసరు తువ్వాలు తీసేశాడు. జుట్టునిండా బూడిదరంగు పొడి. కళ్ళు గౌరి మీద నిలవలేదు. "అమ్మా, ఈ అమ్మాయి ఫ్యాక్టరీ ఉద్యోగి కాదు. నా దగ్గరున్నది ఉద్యోగుల ఫారం. ఈమె గురించి రాయడానికి ఇందులో గడి లేదు."

ఇంతియాజ్ ఏదో బూతు మాట అన్నాడు. అతని ఊరి బూతు, ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు, భావం మాత్రం అందరికీ అందింది.

సన్యాసమ్మ భుజం మీది సుత్తి దించింది. గౌరి భయపడి ముందుకు జరిగింది. సన్యాసమ్మ ఆ సుత్తిని ఎవరిమీదికీ ఎత్తలేదు. తీసుకెళ్ళి గేటు మధ్యలో నేలమీద పడుకోబెట్టింది, నిద్రపోతున్న పిల్లని దించినట్టు. దాని పక్కనే కూచుంది.

"నెగు సన్యాసీ," అంది ఎర్నమ్మ. "లారీ ఒస్తాది."

"రానీ."

"ఏటే, సచ్చిపోతావేటే?"

"ఎలాగా సస్తన్నాం గదే. కూకుని సద్దాం. కాల్లు నొప్పి."

ఎర్నమ్మ ఇంతియాజ్ వైపు తిరిగింది. "ఓ అబ్బాయి, ఆ పట్టీ ఇలగ తే." చేతికంటించుకుని కొంగు కప్పుకుని చూసుకుంది. ఊదారంగు. తన సుత్తి తెచ్చి సన్యాసమ్మ సుత్తి మీద పడేసింది. ఆ వెనక ఇంకొకామె. ఆ వెనక ఇంకొకామె. పట్టీలు అయిపోయాయి. అయినా సుత్తులు పడుతూనే ఉన్నాయి. గోడ లోపలివాళ్ళకి కబురు ఎవరు మోసుకుపోయారో, ముందు షిఫ్టు వాళ్ళు కూడా ఒక్కొక్కరే బయటికి రాసాగారు.

చప్పుడు పల్చబడింది. టక్ మని ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి. తరవాత అదీ లేదు.

గౌరి తలెత్తింది. కాకి అరిచింది. దూరంగా ఎవరో బకెట్టు కింద పెట్టారు. లైన్లలో ఎవరింట్లోదో రేడియో వినపడుతోంది, పాటలో మాటలతో సహా. పుట్టి బుద్ధెరిగాక ఈ ఊళ్ళో పగటిపూట ఆమె రేడియో విన్నది అదే మొదటిసారి.

"ఏటే ఇలగుంది?" అంది సన్యాసమ్మ కంగారుగా, చెవులు రుద్దుకుంటూ.

"సుత్తులు ఆగాయప్పా."

"ఓస్, అదేనా. సెవులు పోనాయనుకున్నాను."

ఫ్యాక్టరీ లోపల ఫోన్లు మోగడం మొదలైంది. మేనేజరు మెట్లమీదికి వచ్చి, సుత్తుల కుప్ప చూసి, వెనక్కి పరిగెత్తాడు. ఆఫీసరు లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచాడు.

"బాబూ," అని పిలిచింది సన్యాసమ్మ కూచున్నచోటినుంచే. "ఆ పిల్లకి జబ్బని రాయడానికి గడి నేదన్నావు గదా. యార్డులో పని ఆగిపోనాదని రాయడానికి ఉందా?"

కామేశ్వరరావు ఫారం తిరగేశాడు. వెతకాల్సిన అవసరం లేకపోయింది. మొదటి పేజీలోనే ఉంది.

"ఉంది," అన్నాడు.

"అయితే రాయి," అంది సన్యాసమ్మ.

ఆఫీసరు పెన్ను మూత తీశాడు.